దాత, స్వామి, ఉత్తమర్ణుడు: అమెరికా ఉన్నతవిద్యలో కేంద్రప్రభుత్వపు స్థానము

విద్యకును రాజ్యమునకును గల సంబంధము అతిప్రాచీనమైనది. రాజు అగ్రహారమును దానము చేయుట, ప్రతిగ్రహీతయైన పండితుడు దాని ఆదాయముతో శిష్యులకు పాఠము చెప్పుట, ముందు తరముల రాజులు ఆ భూమిని అపహరింపరాదని తామ్రపత్రముపై శాపవాక్యములు చెక్కించుట - ఇవి తెలుగునాటి శాసనములను చదివినవారికి సుపరిచితములే. ఆ శాపవాక్యములు కేవలము ఆచారార్థము చేర్చబడినవి కావు. వానియందొక న్యాయము కలదు. దానమనగా చేతినుండి చేతికి వస్తువు మారుట మాత్రమే కాదు. దాత తన స్వత్వమును పూర్తిగా విడిచి, ప్రతిగ్రహీతకు స్వత్వమును కలిగించుట. స్వత్వము విడువకుండ ఇచ్చినది దానము కాజాలదు. అది నిక్షేపము కావచ్చును, పనికి ప్రతిగా ఇచ్చు భృతి కావచ్చును, వడ్డికి ఇచ్చిన ఋణము కావచ్చును. ధర్మశాస్త్రకారులు వ్యవహారమును పదునెనిమిది పదములుగా విభజించినపుడు వీనిని వేరువేరుగా నిలిపి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమమును విధించుటకు కారణమిదియే.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో విశ్వవిద్యాలయములకును కేంద్రప్రభుత్వమునకును నడుమ 2025లో తలయెత్తిన వివాదమును ఈ విభాగముతో పరిశీలించుట ఉపయుక్తము. ధనమిచ్చినది ప్రభుత్వము గనుక ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వమునకే కలదని ఒక పక్షము. విద్యాలయము స్వతంత్రము గనుక ధనము గైకొనవచ్చును గాని ప్రశ్నకు లోబడనక్కరలేదని మరియొక పక్షము. రెండును అర్ధసత్యములే. ఏ ధనము, ఏ పేరున, ఏ నియమముతో ఈయబడినదో విచారింపక ఉభయపక్షములవారును అన్నింటిని ఒక్క రాశిగా పోయుచున్నారు. రెండు శతాబ్దములకు పైబడిన చరిత్రను చూచినచో అమెరికా కేంద్రప్రభుత్వము ఒకప్పుడు దాతగను, ఒకప్పుడు పని చేయించుకొను స్వామిగను, ఒకప్పుడు ఉత్తమర్ణుడుగను వ్యవహరించినట్లు తేటపడును. ఈ మూడు పాత్రలను వేరుపరుపనిదే న్యాయము తేలదు.

రాజ్యాంగమున లేని విద్య

1787లో రచింపబడిన అమెరికా రాజ్యాంగమునందు విద్య అను మాట ఒక్కచోటను కానరాదు. ఆ సభలోనే జేమ్స్ మాడిసన్, చార్లెస్ పింక్నీ అనువారు జాతీయ విశ్వవిద్యాలయమును స్థాపించు అధికారమును కాంగ్రెసునకు ఈయవలెనని ప్రతిపాదించిరి. సభ అంగీకరింపలేదు. కేంద్రమునకు స్పష్టముగ ఒసగని అధికారములు రాష్ట్రములకును ప్రజలకును చెందునని 1791లో పదవ సవరణ నిర్ణయించెను. ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను జాతీయ విశ్వవిద్యాలయమును మిక్కిలి కోరినవాడు. పొటోమాక్ కంపెనీలోని తన యాభై వాటాలను దానికై వీలునామాలో వ్రాసిపెట్టెను. ఆ వాటాలు ఫలింపలేదు. ఆ విశ్వవిద్యాలయమును వెలయలేదు. కేంద్రము స్వయముగ నడపిన ప్రధాన విద్యాలయములు సైనికవిద్యకు సంబంధించినవి మాత్రమే: 1802లో వెస్ట్ పాయింటు, 1845లో అన్నాపొలిస్.

ఈ లేమి అమెరికా విద్యకు లోపము కాలేదు. పాఠ్యప్రణాళికను నిర్ణయించు కేంద్రమంత్రి అచట లేకపోవుటచేత హార్వర్డు ఒక తీరున, వర్జీనియా ఒక తీరున, చిన్న మతసంస్థల కళాశాలలు వేరొక తీరున పెరిగినవి. వీని స్వాతంత్ర్యమునకు న్యాయపరమైన పునాది 1819లో ఏర్పడెను. డార్ట్‌మత్ కళాశాలకు 1769లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి పేరిట శాసనపత్రము ఈయబడినది. స్వాతంత్ర్యానంతరము, 1816లో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర శాసనసభ ఆ పత్రమును మార్చి కళాశాలను తన వశము చేసికొనబూనెను. కళాశాల పక్షమున డేనియల్ వెబ్‌స్టరు వాదించెను. ఆ పత్రము ఒక ఒడంబడిక వంటిదనియు, దానిని చెరుపుటకు రాష్ట్రమునకు అధికారము లేదనియు ప్రధానన్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పెను. రాజు పోయినను, రాజ్యమే మారినను, రాజు ఇచ్చిన శాసనము నిలిచెను. తామ్రపత్రముపై శాపవాక్యము చేయదలచిన కార్యమును అచట న్యాయస్థానము చేసెనన్నమాట.

భూదానము: ఫలమును, దోషమును

రాజ్యాంగము అధికారమీయకున్నను కేంద్రము చేతిలో విస్తారమైన భూమి యుండెను. 1785 నాటి భూశాసనము ప్రతి టౌన్‌షిప్పునందును పదునారవ భాగమును పాఠశాలలకై కేటాయించెను. 1787లో ఒహాయో ప్రాంతపు భూమిని విక్రయించునపుడు రెండు టౌన్‌షిప్పులు విశ్వవిద్యాలయమునకై విడువబడినవి. 1804లో ఒహాయో విశ్వవిద్యాలయము ఆ భూమిపై వెలసెను.

ఈ పద్ధతిని దేశవ్యాప్తము చేసినవాడు వెర్మాంటు ప్రతినిధి జస్టిన్ మారిల్. ఆయన కమ్మరి కుమారుడు. ధనాభావముచే కళాశాలకు పోజాలనివాడు. వ్యవసాయమును, యంత్రకళలను నేర్పు కళాశాలలకై రాష్ట్రములకు భూమి ఈయవలెనని 1857లో బిల్లును ప్రవేశపెట్టెను. 1859లో కాంగ్రెసు ఆమోదించినను, కేంద్రమునకు ఇట్టి అధికారము లేదని అధ్యక్షుడు బుకానన్ తిరస్కరించెను. దక్షిణరాష్ట్రములు వేరుపడి అంతర్యుద్ధము సాగుచుండగా, 1862 జూలై 2వ తేదీన లింకన్ దానిపై సంతకము చేసెను. కాంగ్రెసులోని ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరముల చొప్పున రాష్ట్రములకు భూమి లభించెను. తమ సరిహద్దులలో కేంద్రభూమి లేని రాష్ట్రములకు ఇతరప్రాంతముల భూమిని పొందుటకు హక్కుపత్రములు ఈయబడినవి. న్యూయార్కునకు ఇంచుమించు 9,90,000 ఎకరములు వచ్చినవి. ఎజ్రా కార్నెల్ అను ధనికుడు ఆ పత్రములను కొని, విస్కాన్సిన్‌లోని దేవదారువనములలో భూములను ఎంపిక చేయించి, వెల పెరుగువరకు ఆగి, ఆ లాభమును తన పేరిటి విశ్వవిద్యాలయమునకు చేర్చెను.

మారిల్ చట్టమునందు ప్రాచ్యవిద్యల వారు గమనింపదగిన అంశమొకటి కలదు. వ్యవసాయము, యంత్రకళలు ప్రధానమైనను, ఇతర శాస్త్రములను, ప్రాచీనభాషా సాహిత్యములను వెలివేయరాదని ఆ చట్టమే చెప్పినది. నాగలి పట్టువాని కుమారుడు నాగలిశాస్త్రమునే చదువవలెనని కట్టడి చేయలేదు. అంతకుమించి ఏ గ్రంథమును బోధింపవలెనో, ఎవరిని ఆచార్యులుగ నియమింపవలెనో చట్టము చెప్పలేదు. ప్రయోజనమును పేర్కొని, స్వత్వమును విడిచినది. ఈ దృష్టితో అది నిజమైన దానమే.

దాని ఫలము సముద్రములను దాటినది. 1887 నాటి హాచ్ చట్టముచే ప్రయోగక్షేత్రములు, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టముచే రైతునొద్దకు విద్యను చేర్చు విస్తరణశాఖలు ఏర్పడినవి. 1964లో హైదరాబాదు చెంత రాజేంద్రనగరమున ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసినపుడు బోధన, పరిశోధన, విస్తరణము అను మూడింటిని ఒక్కచోట కూర్చిన ఈ అమెరికా పద్ధతినే గైకొనిరి. దానికి తోడ్పడిన కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము 1863లో మారిల్ చట్టము ఫలముగ పుట్టినదే. తెలుగు రైతు పొలములో నిలిచి సలహా చెప్పిన వ్యవసాయ విస్తరణాధికారికి గురుపరంపరను వెదకినచో అది వెర్మాంటు కమ్మరి కుమారుని వరకు పోవును.

అయితే దానమునకు పూర్వమొక ప్రశ్న కలదు. ఇచ్చినవానికి ఆ వస్తువుపై స్వత్వమెక్కడిది? తనది కాని వస్తువును విక్రయించుటను ధర్మశాస్త్రము అస్వామివిక్రయమను పేర ఒక ప్రత్యేక వ్యవహారపదముగ పరిగణించినది. అట్టి విక్రయము చెల్లదు. వస్తువు అసలు స్వామికే చేరవలెను. మారిల్ చట్టముచే పంచిపెట్టబడిన సుమారు 1 కోటి 7 లక్షల ఎకరములు ఇంచుమించు 250 ఆదివాసి జాతులనుండి గ్రహింపబడినవని 2020లో హై కంట్రీ న్యూస్ అను పత్రిక భూఖండముల లెక్కలతో సహా ప్రకటించెను. కొంతభూమికి అత్యల్పమైన మూల్యమును చెల్లించిరి. కొంతభూమికి ఏమియు చెల్లింపలేదు. బలవంతపు సంధులచే లభించిన స్వత్వము నిష్కళంకమైనదని ఏ ధర్మశాస్త్రజ్ఞుడును ఒప్పడు. ఆదివాసుల కళాశాలలకు ఈ భూదాన విద్యాలయముల శ్రేణిలో స్థానము లభించుటకు 1994 వరకు, అనగా 132 సంవత్సరములు పట్టెను. ఆనాడు 29 కళాశాలలు చేర్చబడినవి; వానికి లభించినది ధనసహాయమే గాని భూమి కాదు.

నల్లజాతివారి విషయమునను ఇట్టి వైషమ్యమే కలదు. 1890 నాటి రెండవ మారిల్ చట్టము, వర్ణభేదముతో ప్రవేశము నిరాకరించు కళాశాలకు ధనమీయరాదని ఒకచేత చెప్పి, నల్లజాతివారికి వేరు కళాశాలను పెట్టినచో చాలునని మరొకచేత మినహాయించెను. అట్లు ఏర్పడిన కళాశాలలు గొప్ప సేవ చేసినను, రాష్ట్రములు వానికి తగిన భాగమును సమకూర్చలేదు. దానమునందు పంక్తిభేదము దాతకు కీర్తికరము కాదు.

భృతియు, సైనికుల చదువును

రెండవ ప్రపంచయుద్ధముతో సంబంధపు స్వరూపము మారినది. 1941లో ఏర్పడిన శాస్త్రీయ పరిశోధనాభివృద్ధి కార్యాలయము వానివార్ బుష్ నాయకత్వమున విశ్వవిద్యాలయములతో ఒప్పందములు చేసికొని యుద్ధమునకు కావలసిన పరిశోధనను జరిపించెను. శాంతికాలమునను ఈ పద్ధతి కొనసాగవలెనని బుష్ 1945లో నివేదిక సమర్పించెను. 1950లో జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ స్థాపింపబడెను. ప్రభుత్వము ప్రయోగశాలలన్నింటిని తానే కట్టక విశ్వవిద్యాలయములందే పరిశోధన జరిపించుట, ఏ ప్రతిపాదన యోగ్యమో ఆ శాస్త్రము తెలిసినవారిచేతనే నిర్ణయింపజేయుట - ఈ రెండును అమెరికా విజ్ఞానమునకు బలమైనవి.

శాస్త్రదృష్టితో చూడగా ఇది దానము కాదు, భృతికి దగ్గరైనది. పనిని పేర్కొని వేతనమిచ్చినవాడు పనిని అడుగవచ్చును, లెక్క అడుగవచ్చును, చేయనిచో నిలుపవచ్చును. కాని ఒప్పుకొన్న పనిని చేయుచున్న భృతకునికి, వేరొక విషయమున కోపము వచ్చినదని వేతనమును ఆపుట న్యాయము కాదు. ధర్మశాస్త్రములందు వేతనాదానము కూడ ఒక వ్యవహారపదమే యనుట ఇచట స్మరింపదగినది.

1944 జూన్ 22వ తేదీన రూజ్‌వెల్టు సంతకము చేసిన సైనికుల పునరావాస చట్టము ఈ చరిత్రలో మరియొక మలుపు. యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుడు తనకు నచ్చిన కళాశాలలో, తనకు నచ్చిన శాస్త్రమును చదువుకొనుటకు ఏటికి 500 డాలర్ల వరకు బోధనారుసుమును, జీవనభృతిని ప్రభుత్వము చెల్లించెను. చికాగో విశ్వవిద్యాలయపు రాబర్ట్ హచిన్స్, హార్వర్డునకు చెందిన జేమ్స్ కోనంట్ వంటివారు విద్యాప్రమాణములు పడిపోవునని భయపడిరి. అట్లు జరుగలేదు. సుమారు 22 లక్షలమంది సైనికులు కళాశాలలలో చేరి శ్రద్ధగా చదివిరి. 1947లో కళాశాల విద్యార్థులలో ఇంచుమించు సగముమంది వారే. వర్ణభేదము పాటించు దక్షిణరాష్ట్రములలోని నల్లజాతి సైనికులకు మాత్రము ఈ హక్కు చాలవరకు కాగితముపైననే మిగిలెను. చట్టమునందు భేదము లేదు, ప్రవేశద్వారమున కలదు.

ఇచట సహాయము సంస్థకు గాక వ్యక్తికి ఈయబడినది. ఏ కళాశాల యోగ్యమైనదో నిర్ణయించు పనినైనను ప్రభుత్వము తాను చేయలేదు. 1952 నాటి కొరియా యుద్ధసైనికుల చట్టము, కళాశాలలు తామే ఏర్పరచుకొన్న గుర్తింపుసంఘముల నిర్ణయమునే ఆధారముగ గ్రహించెను. ధనము ప్రభుత్వముది, యోగ్యతానిర్ణయము పండితులది అను ఈ విభజనమే ఆ వ్యవస్థకు ప్రాణము.

గోధుమలనుండి గ్రంథములు

సంస్కృతవిద్య అమెరికాలో అడుగిడినపుడు ప్రభుత్వసహాయము లేదు. 1841లో యేల్ కళాశాలలో ఎడ్వర్డ్ సాలిస్‌బరీ అరబీ సంస్కృతముల ఆచార్యుడయ్యెను. 1854లో తన శిష్యుడైన విలియం విట్నీకి సంస్కృతపీఠము కల్పించుటకు ఆయనయే ధనము సమకూర్చెను. హార్వర్డ్ ప్రాచ్యగ్రంథమాల 1891లో ఆరంభమైనపుడు దానికి ఆధారము హెన్రీ క్లార్క్ వారెన్ అను పండితుని సొంత ధనమే. గురువు శిష్యునికై తన సొమ్ము వ్యయపరచుట ఏ పాఠశాలలోనైనను పూజ్యమే.

తెలుగు వంటి దేశభాషలకు అట్టి దాతలు లభింపలేదు. వానికి త్రోవ తెరచినది ఆకాశమున తిరిగిన ఒక లోహగోళము. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగింపగా అమెరికా కలవరపడెను. 1958 సెప్టెంబరు 2వ తేదీన జాతీయ రక్షణ విద్యాచట్టము వెలువడెను. గణితము, విజ్ఞానశాస్త్రములతో పాటు, అంతవరకు అమెరికాలో తగినంతగ బోధింపబడని ప్రపంచభాషలకు కేంద్రములను నెలకొల్పుటకు ఆ చట్టపు ఆరవభాగము ధనమిచ్చెను. వ్యయములో సగమునకు మించకుండ కేంద్రము భరింపగా మిగిలినది విశ్వవిద్యాలయములే భరించినవి. హిందీ, తమిళము మొదలగు వానితో పాటు తెలుగునకును అమెరికా విశ్వవిద్యాలయములలో స్థానము దొరకుటకు ఈ ప్రోత్సాహము ముఖ్యకారణములలో నొకటి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1971 నుండి వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దముల తరబడి తెలుగు బోధించి, ప్రాచీనాంధ్ర కావ్యములను ఆంగ్లపాఠకులకు చేర్చుట జగద్విదితము.

గ్రంథముల కథ మరింత విచిత్రము. 1954 నాటి 480వ ప్రజాచట్టము క్రింద అమెరికా గోధుమలను భారతదేశమునకు పంపి వెలను రూపాయలలో గైకొనెను. ఆ రూపాయలు భారతదేశముననే పోగుపడినవి. వానితో పుస్తకములు కొనుటకు 1958లో అనుమతి లభింపగా, 1962లో కాంగ్రెసు గ్రంథాలయము ఢిల్లీలో కార్యాలయము తెరచి, భారతీయభాషలన్నింటి పుస్తకములను పత్రికలను సేకరించి అమెరికా విశ్వవిద్యాలయములకు పంపసాగెను. బెజవాడలోను, రాజమహేంద్రవరములోను అచ్చయిన తెలుగు పుస్తకములు చికాగో గ్రంథాలయపు బీరువాలకెక్కినది ఈ విధముననే. ఆకలిగొన్నవాడు తిన్న గోధుమలకు మూల్యముగ చెల్లించిన ధనము సరస్వతీభాండాగారమైనది. స్వదేశమున అలభ్యమైన కొన్ని గ్రంథములకై తెలుగు పరిశోధకులు ఆ భాండాగారముల వైపు చూడవలసివచ్చుట తెలుగువారు ఆలోచింపవలసిన వేరొక విషయము.

ఈ సహాయమునందు దాత ఉద్దేశము శుద్ధవిద్యానురాగము కాదు. చట్టము పేరులోనే రక్షణ అను మాట యున్నది. శత్రువును తెలిసికొనుటకును, మిత్రులను కూడగట్టుటకును భాషలు కావలెనని దాని తలంపు. కాని పీఠములను నెలకొల్పిన పిమ్మట ఏ ప్రబంధమును చదువవలెనో, ఏ వ్యాఖ్యానమును ఒప్పుకొనవలెనో ప్రభుత్వము శాసింపలేదు. దాత సంకల్పము ఎట్టిదైనను, స్వత్వమును విడిచిన పిమ్మట విద్య తన త్రోవను తాను వెదకికొనెను. ఒకచోట మాత్రము పట్టు విడువలేదు. ఆ చట్టము క్రింద ఋణము గైకొను విద్యార్థి, ప్రభుత్వమును కూలద్రోయు సంస్థలతో తనకు సంబంధము లేదని ప్రమాణపత్రము వ్రాసి ఈయవలెను. హార్వర్డు, యేల్ వంటి సంస్థలు ఆ నియమమును నిరసించి ఋణపథకము నుండి వైదొలగినవి. 1962లో ఆ ప్రమాణపత్రమును కాంగ్రెసు రద్దు చేసెను. ధనమును వదలుకొన సిద్ధపడినవారు ఉన్నందుననే ఆ నియమము తొలగెననుట మరువరాదు.

ఉత్తమర్ణుడైన రాజ్యము

1965 నవంబరు 8వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ తాను చదివిన టెక్సాస్ కళాశాలకే పోయి ఉన్నతవిద్యాచట్టముపై సంతకము చేసెను. పేద విద్యార్థికి చదువు అందవలెనను సంకల్పము ప్రశంసార్హమే. 1972లో సెనేటరు క్లెయిబోర్న్ పెల్ కృషిచే, తిరిగి చెల్లింపనక్కరలేని విద్యార్థివేతనము ఏర్పడి, 1980 నుండి ఆయన పేరుననే వ్యవహరింపబడుచున్నది. సంస్థకు గాక విద్యార్థికే ధనమీయవలెనను సైనికచట్టపు సూత్రమే ఇట స్థిరపడినది.

కాలక్రమమున రుసుములు పెరిగినవి. వేతనము వానితో సమముగ పెరుగలేదు. నడుమనున్న అగాధమును ఋణము పూరించెను. 2010 నుండి కొత్తగా ఇచ్చు కేంద్రఋణములన్నింటిని ప్రభుత్వమే నేరుగా ఇచ్చుచున్నది. నాలుగు కోట్లకు పైబడిన జనుల నెత్తిపై మొత్తము 1.6 లక్షల కోట్ల డాలర్లకు మించిన విద్యాఋణము నిలిచినది. దానిలో కొంతభాగమును మాపుటకు అధ్యక్షుడు బైడెన్ చేసిన ఆజ్ఞ చట్టమున లేని అధికారమని సుప్రీమ్ కోర్టు 2023లో కొట్టివేసెను.

పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము. వడ్డి ఒక్కసారిగ గ్రహించునపుడు మూలధనమును మించరాదని ధర్మశాస్త్రము విధించిన ద్వైగుణ్యనియమము అధమర్ణుని రక్షించుటకే. అమెరికాలో ఏండ్ల తరబడి చెల్లించుచున్నను, వడ్డి పేరుకొని, గైకొనిన మొత్తమునకంటె మిగిలిన అప్పే అధికముగా నున్నవారు ఎందరో కలరు. విద్యాదాతయని పేరొందిన రాజ్యము వడ్డివ్యాపారి స్థానమున కూర్చుండుట శోచనీయము. చదువుకొన్న యువకుడు తనకు రుచించిన శాస్త్రమును విడిచి, అప్పు తీర్పగల ఉద్యోగమునే వెదకవలసివచ్చుట విద్యకే నష్టము. ప్రాచీనభాషలు చదువువారి సంఖ్య తగ్గుటకు ఇదియు నొక కారణము కాకపోదు.

దత్తమును మరల గైకొనుట

ధనముతో నియమములు రానేరాదని వాదించుట సరి కాదు. 1964 నాటి పౌరహక్కుల చట్టము, కేంద్రసహాయము గైకొను ఏ సంస్థయు జాతివర్ణభేదములను పాటింపరాదని విధించెను. 1972లో స్త్రీలవిషయమున అట్టి నియమమే చేరినది. విద్యార్థులకు వచ్చు వేతనము తప్ప మరేమియు గ్రహింపని గ్రోవ్ సిటీ కళాశాల తాను ఆ నియమమునకు లోబడనని వాదింపగా, 1984లో సుప్రీమ్ కోర్టు అంగీకరింపలేదు. అయితే వేతనము చేరిన శాఖకే నియమమును పరిమితము చేసెను. 1988లో కాంగ్రెసు, అధ్యక్షుడు రీగన్ నిరాకరణమును త్రోసిపుచ్చి, సంస్థయంతటికిని నియమము వర్తించునట్లు చట్టము చేసెను. ఈ నియమములు న్యాయ్యములు. ఎందుకనగా అవి అందరికిని సమానముగ, ముందుగనే, శాసనసభచే ప్రకటింపబడినవి. ఉల్లంఘనము జరిగెనన్నచో తెలియజేయుట, విచారించుట, సరిదిద్దుకొన అవకాశమిచ్చుట అను క్రమమును చట్టమే ఏర్పరచినది.

2025లో జరిగినది దీనికి భిన్నము. మార్చిలో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందవలసిన 40 కోట్ల డాలర్లను ప్రభుత్వము రద్దు చేసెను. ఏప్రిలులో హార్వర్డునకు ప్రవేశములు, నియామకములు, అభిప్రాయవైవిధ్యము, అధికారవ్యవస్థ మున్నగు విషయములపై కోరికల పట్టికను పంపెను. హార్వర్డు నిరాకరింపగా 220 కోట్ల డాలర్ల సహాయమును స్తంభింపజేసెను. జూలైలో కొలంబియా 20 కోట్ల డాలర్లకు పైగా చెల్లించుటకు అంగీకరించి ఒప్పందము చేసికొనెను. హార్వర్డు న్యాయస్థానమునకు పోయెను. సెప్టెంబరు 3వ తేదీన బోస్టనులోని కేంద్ర న్యాయస్థానము ఆ స్తంభనము చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఈ నడుమనే, 1980లో పని ఆరంభించిన కేంద్రవిద్యాశాఖను మూసివేయుటకు పూనుకొనవలెనని మార్చి 20వ తేదీన అధ్యక్షుడు ట్రంప్ ఆజ్ఞ వెలువరించెను. అదే మార్చిలో, 1958 నుండి వచ్చుచున్న విదేశీభాషల సహాయమును పర్యవేక్షించు కార్యాలయపు సిబ్బందిని తొలగించిరి. ఒక స్పుత్నిక్ తెరచిన ద్వారమునకు కాపలాదారు లేకపోయెను.

ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. హార్వర్డు మూలనిధి 2024 నాటికి 5,000 కోట్ల డాలర్లను మించినది. అట్టి సంస్థకు సామాన్యుని పన్నుధనమేల యను ప్రశ్న సహజము. విశ్వవిద్యాలయములలో ఒకే విధమైన అభిప్రాయము ప్రబలినదను ఆరోపణము నిరాధారమని త్రోసివేయరాదు. పూర్వపక్షమును గౌరవముతో వినని సభ శాస్త్రసభ కాదు. యూదు విద్యార్థులు అవమానము పొందిరను ఫిర్యాదును విచారింపవలసినదే. కాని విచారణకు చట్టము చూపిన త్రోవ యుండగా, దానిని విడిచి, ఆ ఫిర్యాదుతో ఏ సంబంధమును లేని వైద్యపరిశోధకుని ధనమును ఆపుట ఏ న్యాయము? ఒకని దోషమునకు మరియొకని దండించుట రాజధర్మము కాదు. పూర్వపక్షము లేని చోట దానిని ప్రభుత్వాజ్ఞచే కల్పింపబూనినచో అది పూర్వపక్షము కాదు, రాజపక్షమగును.

దత్తమును మరల గైకొనుట దత్తస్యానపకర్మ అను వ్యవహారపదమున చేరును. ఒక పాలకుని కాలమున ఇచ్చినది మరియొక పాలకుని కాలమున అతని ఇష్టానిష్టములపై ఆధారపడినచో, పండితుడు శాస్త్రమును గాక పాలకుని ముఖమును చదువనారంభించును. ఈ భయము ఒక్క పక్షమువారికే పరిమితము కాదు. నేడొక పక్షము ప్రయోగించిన ఆయుధమును రేపు మరియొక పక్షము ప్రయోగించును.

నిర్ణయము

ఇంతవరకు విచారించినదానిబట్టి మూడు సంగతులు తేలుచున్నవి. ప్రభుత్వము ఇచ్చినది దానమైనచో, ఇచ్చునాటి నియమములు తప్ప తరువాత పుట్టిన కోరికలు దానికి అంటరాదు. భృతియైనచో, పనిని బట్టియే తూచవలెను. పని జరుగుచుండగా అన్యకారణమున ఆపరాదు. ఋణమైనచో, అధమర్ణుడు జీవితాంతము బానిస కాకుండునట్లు వడ్డికి హద్దు ఉండవలెను. వీనికి తోడు, ఇచ్చిన భూమి ఎవరిదో మరువకుండుట, ఆ ఋణమును తీర్చుకొనుట విశ్వవిద్యాలయముల విధి. స్వాతంత్ర్యమును కోరు సంస్థ తన పునాది క్రింది అన్యాయమును గూర్చి మౌనము వహించినచో దాని వాదమునకు బలము చాలదు.

భారతదేశమునకును ఈ విచారము పరాయిది కాదు. 1956 నాటి చట్టముచే విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము శాసనబద్ధమైనది. 1976 నాటి రాజ్యాంగసవరణచే విద్య రాష్ట్రజాబితానుండి ఉమ్మడిజాబితాకు మారినది. అమెరికాలో రాజ్యాంగము ఈయని అధికారమును ధనము సంపాదించి పెట్టినది. భారతదేశమున రాజ్యాంగమే అధికారమిచ్చినది. కనుక ధనమును ఆజ్ఞను వేరుగ నిలుపవలసిన ఆవశ్యకత ఇచట మరింత అధికము. ప్రభుత్వపు గ్రాంటుపై బ్రతుకు ప్రాచ్యకళాశాలలు, సంస్కృతపాఠశాలలు దీనిని ముందుగ గ్రహింపవలెను. గ్రాంటు రానిచో దీపము ఆరును. గ్రాంటుతో పాటు సిద్ధాంతము కూడ వచ్చినచో దీపముండియు వెలుగుండదు. 1962లో ప్రమాణపత్రము తొలగినది, 2025లో న్యాయస్థానపు తీర్పు వెలువడినది, ఈయబడిన ధనమును సైతము వదలుకొనుటకో, దానికై న్యాయమార్గమున నిలిచి పోరుటకో కొందరు సిద్ధపడినందుననే. విద్యకు రాజాశ్రయము కావలెను. కాని ఆశ్రయమిచ్చువానితో కాదని చెప్పగల ధైర్యము ఆశ్రితునియందు నిలిచియున్నంతకాలమే ఆ ఆశ్రయము విద్యకు శుభము చేకూర్చును.